ఏడు కట్టల మీద ఏడు బీడీలు

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడూ నన్ను చూడ్డానికి వస్తారు. "సార్, మొదట ఏ పుస్తకం చదవమంటారు?" అని అడుగుతారు. పంచాంగం కొనుక్కోమంటాను. ముసలాయన వేళాకోళం ఆడుతున్నాడని నవ్వుకుని, టీ తాగి వెళ్లిపోతారు. నేను వేళాకోళం ఆడటం లేదు. ఆ పుస్తకం ఎందుకు కావాలో నాకు తెలియడానికి పన్నెండేళ్ల ప్రాక్టీసు పట్టింది, ఒక అబద్ధం పట్టింది, ఒక పేద ఇంటి మరమగ్గం పోయింది. అదంతా టీ తాగేలోపు చెప్పే మాట కాదు కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను.

సోలాపూర్ దాజీ పేట్‌లో ముప్పై ఏళ్లకు పైగా ఇన్‌కమ్ టాక్స్ ప్రాక్టీషనర్‌గా బతికాను. వకీలును కాను, సి.ఏ.నూ కాను. బి.కాం. చదివి, ఒక పెద్దాయన దగ్గర ఎనిమిదేళ్లు చాకిరీ చేసి, తర్వాత మా ఇంటి ముందుగదిలో బోర్డు పెట్టుకున్నాను. ఆ గదిలో అంతకు ముందు మా నాన్న గుంటమగ్గం ఉండేది. ఆయన పోయాక గుంట మీద షాబాదు బండలు పరిచి, దాని మీదే నా టేబుల్ వేసుకున్నాను. మా తాతలు తెలంగాణ నుంచి బతకడానికి వచ్చిన పద్మశాలీలు. నా క్లయింట్లలో సగం మంది నన్ను చిన్నప్పుడు ఎత్తుకున్నవాళ్లే.

కులకర్ణి సాహెబ్ ప్రశ్న

నాకు పని నేర్పిన కులకర్ణి సాహెబ్ పరదేశం పోయేవాడు ఎవరొచ్చినా ముందు జీతం సంగతి అడిగేవాడు కాదు. "ఎప్పుడు పోతున్నావు? ఎప్పుడు వచ్చావు?" అనేవాడు. ఆ తర్వాత పాస్‌పోర్టు తీయమనేవాడు. "మనిషి పండగల పేర్లతో చెప్తాడు, పాస్‌పోర్టు తారీఖుతో చెప్తుంది. రెండూ విను, రెండోదే రాసుకో" అని నాకు చెప్పాడు.

ఆయనలో నాకు నచ్చనిదీ ఉంది. నేతపనివాళ్లను కూర్చోమనేవాడు కాదు. ఎంత పెద్ద వయసువాడైనా టేబుల్ ముందు నిలబడే మాట్లాడాలి. నా వాళ్లు అలా చేతులు కట్టుకుని నిలబడితే నాకు ఒళ్లు మండేది. నాకంటూ ఆఫీసు పెట్టుకున్న రోజున నాలుగు కుర్చీలు కొన్నాను. అందరినీ కూర్చోబెట్టాను, యోగక్షేమాలు అడిగాను, టీ తెప్పించాను. ఆ మర్యాదల సందట్లో సాహెబ్ ప్రశ్నే మర్చిపోయాను.

"ఆడ టాక్సే లేదు కద"

ఎనభైల్లో మా పేటలో గల్ఫ్ గాలి మొదలైంది. మస్కట్ అయినా, కువైట్ అయినా మావాళ్లకు అన్నీ దుబాయే. పని మీద పరదేశం పోయేవాళ్లకు ఆ రోజుల్లో ఇన్‌కమ్ టాక్స్ ఆఫీసు నుంచి క్లియరెన్స్ సర్టిఫికెట్ కావాల్సి వచ్చేది. సర్కారుకు ఇతను ఏమీ బాకీ లేడని దాని అర్థం. దాని కోసమే అందరూ నా దగ్గరికి వచ్చేవాళ్లు. సర్టిఫికెట్ చేతికి రాగానే టాక్సుతో తమ సంబంధం తెగిపోయిందనుకునేవాళ్లు. "ఆడ టాక్సే లేదు కద సారూ" అనేది అందరి నోటా వినిపించే మాట.

అక్కడ లేదు, నిజమే. ఇక్కడ ఉందో లేదో మాత్రం నువ్వు ఆ ఏడాది ఇక్కడ ఎన్ని రోజులున్నావన్న దాన్ని బట్టి తేలుతుంది. ఉద్యోగం కోసం దేశం విడిచి పోయేవాడు ఏప్రిల్ ఒకటి నుంచి మార్చి ముప్పై ఒకటి లోపల నూట ఎనభై రెండు రోజులు, లేదా అంతకంటె ఎక్కువ, ఇక్కడ గడిపితే ఆ ఏడాదికి ఇక్కడి మనిషే. అప్పుడు మస్కట్‌లో సంపాదించిన జీతమూ ఇక్కడ లెక్కలోకి వస్తుంది. ఒక్క రోజు తగ్గితే బయటి మనిషి, అక్కడి జీతం జోలికి ఎవరూ రారు. వేళ్ల మీద లెక్కేసుకుంటే సెప్టెంబర్ ఇరవై ఎనిమిది లోపల విమానం ఎక్కాలి. ఇదంతా నాకు కంఠతా వచ్చు. వచ్చి ఏం లాభం?

మల్లేశం ప్రయాణం

మల్లేశం ఒక తువ్వాళ్ల కార్ఖానాలో జాబర్. మావాళ్లు పవర్‌లూమ్‌ను సాంచె అంటారు. సాంచె ఆగితే విప్పి, సరిచేసి, మళ్లీ నడిపించేవాడు జాబర్. ముప్పై ఏళ్లుంటాయి. మాట తక్కువ, చెయ్యి మాత్రం బంగారం. భార్య అంజవ్వ ఇంట్లోనే బీడీలు చుట్టేది. పదిహేనేళ్లు పరాయివాళ్ల సాంచెలు బాగుచేసినవాడికి తన ఇంట్లో తనదంటూ ఒక్క సాంచె ఉండాలని కోరిక. ఎనభైల చివర్లో ఒక ఆగస్టులో మస్కట్ మిల్లు నుంచి అతనికి వీసా వచ్చింది.

అతని ఇక్కడి కూలి పన్ను పరిమితికి చాలా కింద. సర్టిఫికెట్ వారంలో తెచ్చి చేతిలో పెట్టాను. చాలా సంతోషపడ్డాడు. ఎప్పుడు పోతున్నావని నేను అడగలేదు, అతనే చెప్పాడు.

"పెత్తరమాసకు అయ్య పేర బియ్యం ఇచ్చి, ఖండే నవమికి సాంచెలకు పూజ జేసి, దసరా నాడు పొలిమేర దాటుత సారూ."

మావాళ్లకు ఇందులో ఆలోచించాల్సింది ఏమీ లేదు. భాద్రపదంలో పితృపక్షాల పదిహేను రోజులూ, వాటి చివరి అమావాస్య పెత్తరమాస దాటేదాకా, ఎవరూ కొత్త పనికి కదలరు. దసరా ముందు రోజు ఖండే నవమి, ఆ రోజు పనిముట్లకు పూజ. దసరా సాయంత్రం ఊరి హద్దు దాటితే తిరుగులేదని ఇక్కడి మరాఠీవాళ్లూ నమ్ముతారు, మేమూ నమ్ముతాం. "మంచి ముహూర్తం పెట్టుకున్నవ్ మల్లేశం" అన్నాను. ఆ మాట అన్నవాణ్ని నేనే, ఇన్‌కమ్ టాక్స్ ప్రాక్టీషనర్‌ని.

ఖండే నవమికి నన్ను భోజనానికి పిలిచాడు. అంజవ్వ పోలెలు, అదే బొబ్బట్లు, చేసింది. సుష్టుగా తిన్నాను. మర్నాడు అతని చేతిలో జమ్మి ఆకు పెట్టి, మెడలో దండ వేసి, బొంబాయి బండి ఎక్కించాను. మూడో రోజు విమానం. అప్పటికి అక్టోబర్ రెండో వారం.

ఆఫీసరు గదిలో

రెండేళ్లు గడిచాయి. మల్లేశం కాంట్రాక్టు ముగించుకుని వచ్చాడు. పంపిన డబ్బుతో అంజవ్వ ఒక పాత సాంచె కొనిపెట్టి ఉంచింది. అతను వచ్చీ రాగానే దాన్ని విప్పి, శుభ్రం చేసి, వెనక రేకుల షెడ్డులో నడిపించాడు. అంతలోనే మస్కట్‌లో ఇంకో మిల్లు మాస్టర్ పోస్టు ఇస్తామంది. జీతం దాదాపు రెట్టింపు. పన్నెండు రోజుల్లో చేరాలి, లేదంటే వేరేవాణ్ని తీసుకుంటారు. కొత్త కాంట్రాక్టు కాబట్టి మళ్లీ సర్టిఫికెట్ కావాలి. ఇద్దరం కలిసి ఆఫీసుకు వెళ్లాం.

ఆఫీసరు కొత్తగా వచ్చినాయన. పాస్‌పోర్టు అడిగాడు. పేజీలు తిప్పుతూ బొంబాయి ముద్ర దగ్గర ఆగి, పెన్నుతో రోజులు లెక్కేశాడు. "ఈ మనిషి పోయింది అక్టోబర్‌లో. నూట ఎనభై రెండు దాటింది. ఆ ఏడాది మస్కట్ జీతం మీద రిటర్న్ ఎక్కడ?" అన్నాడు.

ఆ ముద్ర తారీఖు నాకు తెలియందా? దండ వేసిందే నేను. కానీ మరాఠీలో నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "క్లయింట్ మాకు చెప్పలేదు సార్. సెప్టెంబర్‌లో పోతున్నానన్నాడు."

మల్లేశం మిల్లుల్లో పెరిగినవాడు, మరాఠీ బాగా తెలుసు. నా వైపు ఒకసారి చూశాడు. తర్వాత తల దించుకుని, "అవును సాహెబ్. నేనే చెప్పలేదు" అన్నాడు.

ఆఫీసరు ముఖం మారింది. పొరపాటైతే పన్ను, వడ్డీ కడితే సరిపోయేది. కావాలని దాచినట్టయితే పెనాల్టీ కూడా ఉంటుంది. అన్నీ తేలేదాకా సర్టిఫికెట్ లేదన్నాడు. నన్ను నేను కాపాడుకుందామని అన్న మాటతో అతని మెడకు ఇంకో ఉరి తగిలించాను. బయటికొచ్చాక మల్లేశం "బ్యాంకు కాగదాలు ఇంటి కాడ ఉన్నయ్, రాండ్రి సారూ" అన్నాడు, అంతే.

అంజవ్వ చాట

అంజవ్వ గడప దగ్గర కూర్చుని ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. లోపల షెడ్డులో సాంచె ఆగి ఉంది. మల్లేశం ఆమె పక్కన వంగి నాలుగు మాటలు చెప్పి, కాగితాల కోసం లోపలికి పోయాడు.

"సర్కార్ ఏమంటుంది సారూ?" అంది, చెయ్యి ఆపకుండానే.

చెప్పాను. నూట ఎనభై రెండు రోజుల సంగతి, ఏప్రిల్ నుంచి లెక్క, ఇక్కడి మనిషి, బయటి మనిషి. ఆమె చేతులు ఆగాయి. చాటలో కట్టిన బీడీ కట్టలున్నాయి, కట్టకు ఇరవై అయిదు. అందులోంచి ఏడు కట్టలు తీసి నేల మీద వరసగా పెట్టింది. పక్కన ఒక్కొక్కటిగా ఏడు విడి బీడీలు పేర్చింది.

"గిన్ని దినాలా?"

మనసులో లెక్కేసుకున్నాను. ఏడిరవై అయిదులు నూట డెబ్బై అయిదు, పైన ఏడు. "బరాబర్ గిన్నే" అన్నాను.

ఆమె ఏడో బీడీ వేలితో తీసి పక్కన పెట్టింది. "ఇది పడకపోతె?"

"బయటి మనిషి. ఒక్క పైస కట్టేది లేకుండె."

"మా ఆయన ఎన్ని దినాలు ఎక్కువున్నడు?"

"పద్నాలుగు దినాలు ముందు పోతే సాలు."

ఆమె ఆ బీడీని మళ్లీ వరసలో పెట్టింది. "గిది తెలిసేందుకు సదువుకోవాల్నా సారూ? బీడీలు చుట్టేటోళ్లకెవ్వరికైనా సమజైతది."

నాకు కోపం వచ్చింది. తప్పు చేసినవాడికి కోపం తొందరగా వస్తుంది. "ముందుగాల పొమ్మంటె మీరు పంపుతుంటిరా? అవి పితృపక్షాలు. గడప దాటనిస్తుంటిరా?" అన్నాను.

"ఎందుకు పంపం? ప్రస్థానం పెడుతుంటిమి." నేను ఆ మాటే ఎన్నడూ విననట్టు ఆమె విడమర్చి చెప్పింది. "పక్షాలకు ముందట మంచి దినం జూసి ఆయన బ్యాగు తీస్కపోయి ఇంకొకళ్లింట్ల పెడుతుంటిమి. బ్యాగు గడప దాటిందంటె మనిషి దాటినట్టే. ఎనక పదిదినాలల్ల ఎప్పుడు పోయినా దోషం లేదు. పెత్తరమాసకు బియ్యం ఆయన తమ్ముడు ఇస్తుండె. ఆయన పనిముట్లకు పూజ నేను జేస్తుంటి. మనకు అన్నిటికి తొవ్వలున్నయ్ సారూ. సర్కారుకు గూడ ఒక ముహూర్తం ఉంటదని మాకు ఎవరన్న చెప్తె కద!"

మా అమ్మ బతికుండగా మా ఇంట్లో ఎన్నిసార్లు ఎవరెవరివో మూటలు అలా పెట్టుకున్నారు! ఆచారం తెలిసినవాణ్ని, చట్టం తెలిసినవాణ్ని. ఆ రెండూ ఒకే గదిలో ఉన్నాయన్న సంగతి నాకు తట్టలేదు. మావాళ్లు ముహూర్తాల పిచ్చితో నష్టపోతారని కులకర్ణి సాహెబ్ ముందు నేనూ నవ్విన రోజులు గుర్తొచ్చి సిగ్గేసింది.

అంజవ్వ బీడీలు చాటలోకి ఎత్తుకుంటూ మెల్లగా అంది. "మీకు తారీఖ్ ఎరుక లేదని ఆఫీసుల చెప్పిన్రంట. ఆయన పోయే ముందటి దినం మా ఇంట్ల పోలెలు తిన్నరు. మూడు."

"ఊకోయె" అన్నాడు మల్లేశం గుమ్మంలోంచి. కాగితాలు నా చేతికిచ్చాడు. "సారుకు ఆ ఆఫీసుల రోజు పని ఉంటది. ఇజ్జత్ పోతే ఎట్ల? నేనేంది, పోయేటోన్ని."

నా ముప్పై ఏళ్ల పనిలో నన్ను అంతగా కుంగదీసిన మాట ఇంకొకటి లేదు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు

మర్నాడు తలుపులు తీసే వేళకే ఆఫీసరు గది ముందు ఉన్నాను. ఒక కాగితం రాసి తీసుకెళ్లాను. క్లయింటు ప్రయాణం తారీఖు నాకు ముందే చెప్పాడని, రిటర్న్ వేయాలని చెప్పకపోవడం నా తప్పని, నిన్న ఈ గదిలో నేను అబద్ధమాడానని అందులో ఉంది. కింద సంతకం.

ఆఫీసరు రెండుసార్లు చదివాడు. "దీని మీద నీ ప్రాక్టీసు పోవచ్చు, తెలుసా?" అన్నాడు. తెలుసన్నాను. "రేపటి నుంచి నీ మాట నేనెలా నమ్మను?" అన్నాడు. నమ్మొద్దు, ప్రతి కాగితమూ చూసుకోండి అన్నాను. కాగితాన్ని ఫైల్లో పెట్టి, చివరికి పెనాల్టీ వదిలేశాడు. పన్ను, వడ్డీ మాత్రం పూర్తిగా కట్టాల్సిందే అన్నాడు. న్యాయంగానే చేశాడు. ఆ తర్వాత ఏడాది పాటు నేను పెట్టిన ప్రతి కాగితాన్నీ మూడుసార్లు తిప్పి చూసేవాడు. అదీ న్యాయమే.

కట్టాల్సింది అంజవ్వ ఏడాదంతా బీడీలు చుట్టినా రానంత. సగం నేనిస్తానన్నాను. "మీ ఫీజు ఇయ్యం. గంతె సాలు" అంది అంజవ్వ. సాంచె అమ్మేశారు. కొన్నవాళ్లు మూడు సందుల అవతలివాళ్లు. మల్లేశం తన చేతులతోనే దాన్ని విప్పి, బండి మీద వేసి, వాళ్ల షెడ్డులో బిగించి, నడిపించి చూపించి వచ్చాడు. గడువుకు రెండు రోజుల ముందు విమానం ఎక్కాడు.

ఆ సందు మీదుగానే నేను రోజూ ఇన్‌కమ్ టాక్స్ ఆఫీసుకు పోవాలి. లోపల నాలుగు సాంచెలు ఆడుతుంటే అందులో అది ఏదో నాకు తెలిసేది. నేతవాడి కొడుకును, చెవి ఉంది. ఆ సందు వద్దనుకుని చుట్టుతిరిగి పోయిన రోజులున్నాయి.

మీకు చెప్పాల్సిన నాలుగు ముక్కలు

అడగందే అమ్మయినా పెట్టదంటారు. మన వృత్తిలో కొందరు అడగకుండానే చెప్తారు, మనమే వినం. కాబట్టి పండగ పేరు చెవిన పడగానే గోడ మీద తారీఖు చూడండి. నా టేబుల్ ఎదురుగా ఆ ఏడాది నుంచే ఒక క్యాలెండర్, దాని పక్కనే పంచాంగం వేలాడాయి. సెప్టెంబర్ ఇరవై ఎనిమిది చుట్టూ ఎర్ర గీత. పరదేశం పోయేవాడు ఎవరొచ్చినా కుర్చీ వేసి, కూర్చోకముందే ఆ గీత చూపించేవాణ్ని.

సెలవుకు వచ్చిపోయేవాళ్ల రోజుల లెక్క వేరు, అది నా కాలంలోనే రెండుసార్లు మారింది. ఇప్పుడింకా మారి ఉంటుంది. నేను రాసిన అంకెలు నమ్మి ఎవరికీ సలహా చెప్పకండి, కొత్తవి చూసుకోండి. బ్యాంకు ఖాతా సంగతీ అడగండి. బయటికి పోయినవాడు పాత పాస్‌బుక్కులోకే డబ్బు పంపుతుంటాడు. బయటున్నవాళ్లకు వేరే ఖాతా ఉంటుందని, దాని వడ్డీకి పన్ను లేదని ఎవరూ చెప్పరు. నాన్న తెరిచిన ఖాతా మూయనని ఒకాయన నాతో వారం రోజులు పోట్లాడాడు. మూయొద్దులే, ఇంకొకటి తెరువు అంటే శాంతించాడు. మనిషికి ఏది అడ్డమో కనుక్కుంటే సగం పని అయినట్టే.

ఇంకొకటి. తప్పు చేస్తారు. చేయని ప్రాక్టీషనర్‌ను నేను చూడలేదు. ఆ తప్పు క్లయింటు నెత్తిన మాత్రం పెట్టకండి. వాడు మోస్తాడు, అదే ఘోరం.

ప్రస్థానం

మల్లేశం వెళ్లిన మరుసటేడు, పితృపక్షాలకు రెండు రోజుల ముందు, అంజవ్వ నా ఆఫీసు గుమ్మంలో నిలబడింది. చేతిలో ఒక రెక్సిన్ బ్యాగు. మరిది రాజేశానికి కూడా మస్కట్ వీసా వచ్చిందట. ఆమె నా గడప తొక్కడం ఆ సంగతి జరిగాక అదే మొదలు. కూర్చోమన్నాను, కూర్చోలేదు.

"సారూ, పోయే దినం గూడ లెక్కల పడ్తదా?"

కులకర్ణి సాహెబ్ ఎనిమిదేళ్లు నాకు నేర్పిన ప్రశ్నలకు ఇది తోబుట్టువు. "పడ్తదనుకుంటేనే మంచిది" అన్నాను.

"అయితె ఏడు కట్టల మీద అయిదు. ఒకటి చేతిల ఉంచుకుంటం. సెప్టెంబర్ ఇరవై ఏడుకు విమానం." అప్పటికే టికెట్ కూడా తీసుకున్నారు. తర్వాతి కాలంలో విడీ ఘర్కుల్ అనే బీడీ కార్మికుల కాలనీలో బీడీలు చుట్టే ఆడవాళ్లందరికీ ఈ లెక్క ఆమే నేర్పింది. నా దగ్గరికి వచ్చే ముందే వాళ్లు కట్టలు పేర్చుకుని తారీఖు తేల్చుకుని వచ్చేవాళ్లు.

అది తర్వాతి మాట. ఆ రోజు ఆమె గది నాలుగు మూలలా చూసి, వంగి, నా టేబుల్ కింద బండల మీద బ్యాగు పెట్టింది.

"గిదేంది అంజవ్వా?"

"ప్రస్థానం."

ప్రస్థానం ఎవరింట్లో పడితే వాళ్లింట్లో పెట్టరు. పోయేవాడి మేలు కోరే ఇంట్లోనే పెడతారు. మా అమ్మ ఆ మాట ఎప్పుడూ అనేది. "ఇక్కడనా? నా ఇంట్లనా?" అన్నాను.

"తారీఖ్ ఎరుకున్న ఇల్లు ఇదొక్కటే కద" అంది. చెంగు సర్దుకుని గుమ్మం దాకా పోయి, ఆగింది. "ఖండే నవమికి పోలెలు జేస్త. రాండ్రి సారూ."

వెళ్లాను. ఎన్ని తిన్నానో ఆ రోజు నేనే లెక్కపెట్టుకున్నాను.